మిట్టపాడు కప్పల ఎత్తు

సౌభాగ్యలక్ష్మి నూజివీడులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరరు. కప్ప గుండెకి మూడు గదులుంటాయనీ, కప్ప ఊపిరితిత్తులతోనే కాక చర్మంతో కూడా గాలి పీలుస్తుందనీ ఎన్ని బ్యాచులకి చెప్పిందో ఆవిడకే లెక్క లేదు. కళ్ళు మూసుకుని బోర్డు మీద కప్ప బొమ్మ గీయగలదు. అయితే బతికున్న కప్పని మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ప్రాక్టికల్స్‌లో కప్పల్ని కోసే రోజుల్లో అటెండరు సవరయ్య పట్టుకుంటే, ఆవిడ దూరంగా నిలబడి బెత్తంతో చూపించేది. తర్వాత ఆ కోతలు వద్దని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. ఆ వేళ ఆవిడ జీవకారుణ్యం గురించి క్లాసులో గంటసేపు మాట్లాడి, ఇంటికెళ్ళి సేమ్యా పాయసం చేసుకుంది.

ఆవిడ కాపురం నూజివీడు నుంచి షేర్ ఆటోలో పోయేంత దూరంలో ఉన్న మిట్టపాడులో. భర్త వెంకట రమణ ఆ ఊరి వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. మిట్టపాడు పక్కనే పల్లంపాడు. రెండింటికీ మధ్య మామిడి తోటలు, కాస్త వరి, ఒక వాగు, వాగు మీద కల్వర్టు. తమ ఊరు మిట్ట మీద ఉందని మిట్టపాడు వాళ్ళకి తాతల నాటి నుంచీ గర్వం. పల్లంపాడు సంబంధం వస్తే "ఆ పల్లంలోకి పిల్లనిస్తామా" అని ముందొకసారి అనుకుని, ఆ తర్వాతే ఇచ్చేవాళ్ళు.

రసాలు, బంగినపల్లి లోడ్లన్నీ వెళ్ళిపోయి, తోటలు ఊపిరి పీల్చుకుంటున్న వానాకాలంలో ఒకరోజు ఆవిడకి ఫోనొచ్చింది.

"మేడమ్, నేను అనంత్‌ని. మీ స్టూడెంట్‌ని. రికార్డులో కప్పకి తోక గీశానని నిలబెట్టారు, గుర్తుందా?"

గుర్తుంది. ఆ తోక అనంత్ ఇప్పుడు పడమటి కనుమల్లో ఏదో పరిశోధన సంస్థలో కప్పల శాస్త్రవేత్త.

"కప్పల చర్మానికి పట్టే శిలీంధ్రం ఒకటుంది మేడమ్. బూజు జాతిది. కొండ ఎక్కేకొద్దీ చల్లబడుతుంది కదా, ఆ చలి దానికి ఇష్టం. అందుకే ఎత్తున ఉండే కప్పలకి ఎక్కువ పడుతుంది. చర్మం చెడితే ఒంట్లో ఉప్పులు తప్పి గుండె ఆగిపోతుంది. కొన్ని దేశాల్లో కొండల మీద కప్పలు జాతులకి జాతులే ఊడ్చిపెట్టుకుపోయాయి. మన దగ్గర ఇంకా అంత కనపడలేదు. ఎక్కడ ఎంత ఉందో చూస్తున్నాం. ఎత్తు చోట్లు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. బాగా ఎండ కాసే పల్లపు చోటు ఒకటి కావాలి. మీరే గుర్తొచ్చారు."

"ఎండ అంటే నేను గుర్తొచ్చానా?"

"కప్ప అంటే గుర్తొచ్చారు మేడమ్."

ఆ మాటకి ఆవిడ కరిగిపోయింది. కరిగాక గానీ, తను ఒప్పుకున్నది కప్పల్ని పట్టడానికని తెలియలేదు.

పార్సిలొచ్చింది. అందులో పొడుగాటి దూది పుల్లలు, మూతలున్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, నీలం రంగు గ్లౌజులు. కప్పని పట్టి పొట్ట మీదా, తొడల మీదా, కాలివేళ్ళ మధ్యా పుల్లతో మెల్లగా రాయాలి. పుల్లని గొట్టంలో వేసి, కప్పని పట్టిన చోటే వదిలెయ్యాలి. కప్ప కప్పకీ గ్లౌజులు మార్చాలి, లేకపోతే ఒకదాని జబ్బు ఇంకోదానికి మనమే అంటిస్తాం. గొట్టాలు ఫ్రిజ్‌లో దాచాలి.

ఫ్రిజ్ దగ్గరే మొదటి పేచీ వచ్చింది.

"స్వామివారి పెరుగు పక్కన కప్ప మైల పెడతావా?" అన్నాడు వెంకట రమణ.

"దశావతారాల్లో చేప ఉంది, తాబేలు ఉంది, పంది కూడా ఉంది. కప్ప ఒక్కటీ ఏం పాపం చేసిందండీ?"

"ఏ పాపమూ చెయ్యలేదు కనకే ఆయనకి ఆ అవతారం ఎత్తే పని పడలేదు. కూరల డబ్బాలో పెట్టుకో. పెరుగు అరలో మాత్రం వద్దు."

కప్పల్ని పట్టడానికి పల్లంపాడు కనకమ్మని మాట్లాడుకుంది. కనకమ్మ వేసవిలో తోటల్లో కాయలు ఏరుతుంది, వానల్లో నాట్లు వేస్తుంది.

"కప్పలెందుకమ్మగారూ? కప్పతల్లి ఆడిస్తారా? వానలు పడతానే ఉన్నాయిగా."

"అందుక్కాదు. పుల్లతో పొట్ట మీద రాసి పంపిస్తే వాటికి చర్మం జబ్బుందో లేదో చెబుతారు."

"ఉంటే మందిస్తారా?"

"ఇప్పుడే ఇవ్వరు. ముందు ఉందని రాసుకుంటారు."

"లేకపోతే?"

"లేదని రాసుకుంటారు."

కనకమ్మ కాసేపు ఆలోచించి, "మా ఆయనకి గజ్జి పట్టినప్పుడు ఒక్కళ్ళూ రాసుకోలేదు" అంది. అని, మరుక్షణం గట్టు పక్కనుంచి ఒక కప్పని మామిడిపిందె తీసినంత సులువుగా తీసి, గ్లౌజు చేత్తో పట్టుకుంది. సౌభాగ్యలక్ష్మి చెయ్యంతా చాచి పుల్లతో రాసింది.

ప్రతి చోటా ఎత్తు కూడా పంపమన్నాడు అనంత్. అందుకు ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. మిట్టపాడు గుడి వెనక గుంట దగ్గర చూస్తే సముద్రమట్టానికి ముప్పై ఒక్క మీటర్లు. మర్నాడు పల్లంపాడు వరి మళ్ళ దగ్గర చూస్తే ముప్పై మూడు.

ఆవిడ ఫోనుని దులిపింది. నాలుగడుగులు అటు వెళ్ళి చూసింది, ఇటు వచ్చి చూసింది. పల్లంపాడు దిగనంది.

"ఏంటమ్మగారూ, మొహం అట్టా పెట్టారు?"

"మీ ఊరు మా ఊరికంటే రెండు మీటర్లు ఎత్తని చూపిస్తోంది కనకమ్మా. నమ్మడానికి లేదులే, ఈ ఫోను అయిదారు మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది."

కనకమ్మ మొదటి వాక్యం వరకే విన్నది. రెండో వాక్యం వచ్చేసరికి అప్పటికే గట్టు దిగి ఊరి వైపు నడుస్తోంది.

రెండ్రోజుల్లో పల్లంపాడు ఊరి మొగలో ఫ్లెక్సీ లేచింది. 'సముద్రమట్టానికి ముప్పై మూడు మీటర్ల ఎత్తున వెలసిన పల్లంపాడుకు స్వాగతం సుస్వాగతం.' ఒక పక్క సర్పంచి బాలశౌరి నమస్కారం పెడుతున్న ఫోటో. ఇంకో పక్క, అదే సైజులో, ఒక కప్ప. కప్పకి నమస్కారం పెట్టడం రాదు కాబట్టి ఇద్దరిలో సర్పంచి ఎవరో తెలుస్తోంది.

ఆ సాయంత్రమే మిట్టపాడు సర్పంచి రాఘవయ్య అర్చకుల ఇంటికొచ్చి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్ద తోటల ఆసామి. మాట మెత్తన, పట్టు గట్టి.

"మేడమ్ గారూ, మీరు ఈ ఊరి కోడలు."

"అవునండీ."

"ఈ ఊరి నీళ్ళు తాగారు."

"తాగానండీ."

"మరి ఈ ఊరిని రెండు మీటర్లు ఎందుకు దించారండీ?"

ఫోను తప్పు సంగతి ఆవిడ విడమరిచి చెప్పింది. రెండు మీటర్ల తేడా కప్పకి తెలియదనీ, వందల మీటర్లు ఎక్కితే గానీ చలిలో మార్పు రాదనీ చెప్పింది. రాఘవయ్య అంతా మర్యాదగా విన్నాడు.

"ఎక్కడ కొలిచారండీ?"

"గుడి వెనక గుంట దగ్గర."

"గుంటలో కొలిస్తే గుంటే వస్తదండీ. మిట్ట మీద కొలవాలి."

"మిట్ట ఎక్కడుందండీ?"

రాఘవయ్య నోరు తెరిచి, చెయ్యెత్తి, చూపించబోయి ఆగిపోయాడు. ఎటు చూసినా నేల చాప పరిచినట్టుంది. లోపలి నుంచి వెంకట రమణ గొంతు వినిపించింది.

"మిట్టని తవ్వి గ్రావెల్ కింద తోలింది మీ నాన్నగారే కదండీ. పల్లంపాడు రోడ్డుకి."

అసలు సంగతి అదీ. మిట్టపాడు మిట్ట లారీల మీద కొంచెం కొంచెంగా వెళ్ళి పల్లంపాడు కింద పరుచుకుంది. రాఘవయ్య లేచి తువ్వాలు దులుపుకుని, "పోయింది తెచ్చుకోవడమేగా" అని వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి పంచాయతీ ఆఫీసు ముందు టిప్పర్లు దిగాయి. ఫణి అనే డ్రైవరు పొద్దున్నించీ గ్రావెల్ తోలుతూనే ఉన్నాడు. గుట్ట మేడంత అయింది. దాని మీదకి ప్లాస్టిక్ కుర్చీ ఎక్కించి, మేడమ్ గారిని కొలవమన్నారు.

తప్పించుకోవడానికి ఆవిడ, "కప్పలు లేని చోట కొలిచి ఏం లాభమండీ?" అంది.

ఆ మాట ఎందుకన్నానా అని ఆవిడ తర్వాత చాలాసార్లు అనుకుంది. గంటలో గుట్ట మీదకి సిమెంటు తొట్టి ఎక్కింది, తొట్టిలో నీళ్ళు, నీళ్ళలో కప్పలు. కప్పలు నీళ్ళలో మునిగి చూశాయి, తేలి చూశాయి, ఇది మనకి పడేది కాదని ఒక్కొక్కటే దూకి గ్రావెల్ మీదుగా కిందకి దొర్లుకుంటూ పోయాయి. వాటిని ఏరి మళ్ళీ పైకి మోయడానికి పంచాయతీ తరఫున ఇద్దరిని పెట్టారు. కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు పెద్దలు. మొత్తానికి తొట్టిలో రెండు కప్పలు మిగిలిన క్షణం చూసి ఆవిడ కుర్చీలో కూర్చుని ఫోను తీసింది. ముప్పై నాలుగు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

వెంటనే బాలశౌరి నుంచి కబురు. పల్లంపాడు వాటర్ ట్యాంకు మీద చెట్టు కప్పలున్నాయట, మేడమ్ గారొచ్చి ఇనుప నిచ్చెన ఎక్కి కొలవాలట.

"నేను చెప్పేది జువాలజీ అండీ, సర్కస్ కాదు" అని ఆవిడ కబురు పంపింది.

ఇక ఇది తనవల్ల కాదని, ఆదివారం పొద్దున రెండూళ్ళ వాళ్ళనీ కల్వర్టు దగ్గరికి పిలిచి, అనంత్‌ని వీడియో కాల్‌లో పెట్టి, ఫోను తెరని జనం వైపు తిప్పి మైకు దగ్గర పట్టుకుంది. శాస్త్రవేత్త నోటితో వింటే శాంతిస్తారని ఆవిడ ఆశ. అనంత్ వెనక మంచు, కొండ, తడిసిన చెట్లు. అతను చేతిలో ఒక చిన్న కప్పని పట్టుకుని కెమెరా దగ్గరగా చూపించాడు. దాని చర్మం పొరలు పొరలుగా రేగి ఉంది. వెల్లకిలా పెడితే, తిరిగి బోర్లా పడడానికి కూడా దానికి ఓపిక లేదు. అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్న జనం ఊరుకున్నారు.

"చూశారా అండీ, ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఈ జబ్బు ఎక్కువవుతుంది. ఎత్తున ఉన్న కప్పలే చచ్చిపోతాయి. కాకపోతే మీ రెండూళ్ళ మధ్య..."

సరిగ్గా అక్కడ సిగ్నల్ పోయింది.

సౌభాగ్యలక్ష్మి ఫోనుని ఆకాశానికెత్తింది, కల్వర్టు మీదకెక్కింది, దిగింది. రాలేదు. మిగిలిన మాట తనే చెప్పబోయింది గానీ, వినడానికి ఎదురుగా ఎవరూ లేరు. రెండూళ్ళూ చెరో వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోతున్నాయి.

మధ్యాహ్నానికి ఫ్లెక్సీ దిగిపోయింది. "మా ఊరి పేరులోనే పల్లం ఉందండీ. మా పెద్దోళ్ళు చూడకుండా పెట్టుంటారా?" అన్నాడు బాలశౌరి, ఎవరూ అడక్కుండానే. మిట్టపాడులో గ్రావెల్ గుట్టని జనం పామును చూసినట్టు చూస్తూ చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఆ మర్నాడు పూత రాకముందే తోటలు మాట్లాడుకోవడానికి వచ్చే వ్యాపారి చిన్నరాయప్ప టీ కొట్టు దగ్గర, "ఎత్తు తోటల్లో కాయక్కూడా ఆ కప్పల జబ్బే వస్తదంట కదా" అన్నాడు. ఎవరన్నారంటే తెలీదు. టీ తాగి వెళ్ళిపోయాడు. చాపకింద నీరులా పాకిన భయానికి ఆ మాట గట్టు తెంపింది.

రాఘవయ్య ఆ సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంకట రమణ కోసం.

"అయ్యగారూ, గర్భగుడి కూడా కాస్త ఎత్తు మీదే ఉందిగా. స్వామివారిని ఓ మెట్టు కిందకి దించితే ఎట్టా ఉంటదంటారు?"

వెంకట రమణ శఠగోపం తుడుస్తున్నవాడు ఆగి, సర్పంచి వైపు చూశాడు.

"దించవచ్చు. అయితే ఆగమం ప్రకారం, స్వామి దిగితే యజమాని ఇంకా కింద ఉండాలి. మీరు నూతిలో ఉంటానంటే చెప్పండి, ముహూర్తం పెడతాను."

స్వామివారి ప్రస్తావన అక్కడితో ఆగింది. గ్రావెల్ ప్రస్తావన ఆగలేదు. మిట్టపాడు పంచాయతీ ఉదారంగా ఆ గుట్టంతా పల్లంపాడు రోడ్డుకి ఇచ్చేస్తామని తీర్మానించి, ఫణి టిప్పరు నింపి పంపింది. పల్లంపాడు వాళ్ళు కల్వర్టు దగ్గర అడ్డం నిలబడ్డారు. ఒక్క చిప్ప గ్రావెల్ కూడా తమ ఊరి మీద పడ్డానికి వీల్లేదన్నారు. ఫణి బండి వెనక్కి తిప్పబోతే, ఇచ్చిన సొత్తు తిరిగి తీసుకునే అలవాటు తమకి లేదని మిట్టపాడు వాళ్ళు వెనక నిలబడ్డారు. ఫణి ఇంజను ఆపేశాడు.

ఆ టిప్పరు కల్వర్టు మీదే ఉండిపోయింది. ఫణి కూడా. అతని మీద మాత్రం ఏ ఊరికీ కోపం లేదు. మిట్టపాడు నుంచి గుడి పులిహోర వచ్చేది, పల్లంపాడు నుంచి చేపల పులుసు వచ్చేది. రెండూ తింటూ ఫణి లావెక్కాడు. సాయంత్రాలు రెండూళ్ళ ముసలాళ్ళూ వచ్చి అతనితో కబుర్లు చెప్పేవాళ్ళు. ఒకళ్ళు టిప్పరుకి ఇటు, ఒకళ్ళు అటు.

గుట్ట కదలకపోయేసరికి రాఘవయ్య వేరే దారి పట్టాడు. ఎత్తు తగ్గించలేకపోతే లోతు పెంచుకోవచ్చు. ప్రొక్లెయినర్ పెట్టి ఊరి చివర పెద్ద గొయ్యి తవ్వించి, మిట్టపాడు కప్పలు ఇకనుంచీ ఇక్కడుంటాయని ప్రకటించాడు. బాలశౌరి అంతకన్నా లోతు గొయ్యి తవ్వించాడు. వాన కురిసింది. కురిసి కురిసి రెండు గోతులూ నిండాయి. చుట్టుపక్కల ఎక్కడెక్కడి కప్పలూ ముసునూరు దాకా చాటింపు వేసినట్టు వచ్చి వాటిలో దిగాయి. ఆ బెకబెకలకి రెండూళ్ళలో టీవీలు వినపడలేదు.

ఇంతలో అనంత్ ఇంకొన్ని గొట్టాలు కావాలన్నాడు. కనకమ్మ రానంది.

"బాలశౌరి గారు వద్దన్నారమ్మగారూ. మా కప్పలకి ఏదన్నా ఉందని తేలితే ఊరు ఎత్తని రుజువైపోతదంట. మా కప్పల్ని మిట్టపాడు వాళ్ళు ముట్టుకోకూడదంట."

"నువ్వు పల్లంపాడుదానివేగా, నువ్వు ముట్టుకోవచ్చుగా?"

"నేను మీ మనిషినంట."

సౌభాగ్యలక్ష్మి గ్లౌజుల పెట్టె తీసుకుని, కొంగు బిగించి, "ఏమండీ, గొడుగు పట్టుకు రండి" అంది.

గొయ్యి అంచున బురద మెత్తగా ఉంది. వెంకట రమణ పంచె ఎగ్గట్టి, భార్య నెత్తిన గొడుగు పట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఆవిడ ఎదురుగా, గడ్డిలో, పచ్చగా ఒక కప్ప. దాని గొంతు కింద చర్మం కొట్టుకుంటోంది. దాని పేరు తెలుసు, దాని కుటుంబం తెలుసు, దాని ఎముకలన్నిటి పేర్లూ తెలుసు. ఆవిడ చెయ్యి మాత్రం ముందుకు రాదు.

"పట్టావా?" అన్నాడు వెంకట రమణ.

"చూస్తున్నానండీ."

"అది కూడా చూస్తోందా?"

"చూస్తోంది."

"మరి ఆలస్యం ఎందుకు?"

ఆవిడ పట్టుకుంది. జారుతుందనుకుంది, జారలేదు. అసహ్యం వేస్తుందనుకుంది, వెయ్యలేదు. గ్లౌజు పల్చన. లోపల ఏదో టకటకా కొట్టుకుంటోంది. మూడు గదులు, అనుకుంది ఆవిడ. ఇన్నేళ్ళూ మూడు అని చెప్పింది గానీ, అవి ఇంత వేగంగా కొట్టుకుంటాయని ఎవరికీ చెప్పలేదు. పుల్లతో పొట్ట మీద రాస్తుంటే ఆ కప్ప తన నాలుగు వేళ్ళ ముందరి చేత్తో ఆవిడ బొటనవేలిని పట్టుకుంది. ఆవిడకి ఎందుకో కళ్ళు చెమర్చాయి. వాన కదా, ఎవరికీ తెలియలేదు.

ఆ పొద్దున ఆవిడే వరసగా పట్టింది, ఆవిడే రాసింది. మిట్టపాడు గొయ్యి అయిపోయాక పల్లంపాడు గొయ్యి దగ్గరికి వెళ్ళింది. అడ్డుకోవడానికి బాలశౌరి మనుషులు నలుగురు వచ్చారు. లెక్చరరు గారు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, కప్పని రెండు చేతుల్లో పట్టుకుని దానితో ఏదో మాట్లాడుతుంటే, అయ్యగారు గొడుగు పట్టి నిలబడి ఉండడం చూసి, ఏమీ అనకుండా పక్కన నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు పారిపోతున్న కప్పకి కాలు అడ్డం పెట్టి ఇటు తోలాడు కూడా.

కొన్నాళ్ళకి ఫలితాలొచ్చాయి. సౌభాగ్యలక్ష్మి ఇద్దరు సర్పంచుల్నీ ఇంటికి పిలిచింది. ఒకరు వరండాలో ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చున్నారు.

"రెండూళ్ళ కప్పలకీ జబ్బు లేదండీ. పంపినవాటిలో ఒక్కదానిలో కూడా లేదు. మన ఎండకి ఆ శిలీంధ్రం బతకడం కష్టం. రెండూళ్ళూ పల్లమే. కొండవాళ్ళ లెక్కలో మన రెండూళ్ళూ ఒకటే ఎత్తు."

ఇద్దరూ కాసేపు ఆలోచించారు.

"సున్నానా అండీ?" అన్నాడు రాఘవయ్య.

"సున్నా."

"వాళ్ళదీనా?"

"వాళ్ళదీ సున్నానే."

"రెండిట్లో ఏ సున్నా..." అని మొదలుపెట్టి, వెంకట రమణ చూపు చూసి బాలశౌరి ఆపేశాడు.

మజ్జిగ గ్లాసులొచ్చాయి. తాగి వెళ్ళిపోతారనుకుంది ఆవిడ. రాఘవయ్య గ్లాసు కింద పెట్టి, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"మేడమ్ గారూ, ఆ వేళ ఫోనులో చూపించాడే ఆ అబ్బాయి, ఆ కప్ప. అదేమైందండీ?"

"పోయిందటండీ."

బాలశౌరి కూడా చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. ఆ కప్పని ఇద్దరూ మర్చిపోలేదని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"ఆ కొండ కప్పల్ని ఇక్కడికి తోలకూడదాండీ?" అన్నాడు రాఘవయ్య. "ఎండ మాకు కావలసినంత ఉంది. గొయ్యి కూడా ఉంది."

"మా గొయ్యి ఇంకా లోతండీ" అన్నాడు బాలశౌరి.

"అట్లా తీసుకురాకూడదండీ. అక్కడి కప్పలు అక్కడే ఉండాలి. పైగా ఆ జబ్బు మనవాటికి అంటుకోవచ్చు."

"పోనీ, ఎండనే పంపించే దారి లేదాండీ?" అన్నాడు రాఘవయ్య. అతను నవ్వడం లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ ఈ మాట అనంత్‌కి ఫోనులో చెప్పింది, నవ్వుతాడని. అతను నవ్వలేదు.

"ఒక దేశంలో అలాంటి పనే చేశారు మేడమ్. బొక్కలున్న ఇటుకలు పేర్చి, మీద ప్లాస్టిక్ గుడారం లాంటిది కప్పి, ఎండలో పెట్టారు. లోపల వేడెక్కుతుంది. కప్పలు వాటంతటవే వెళ్ళి ఆ బొక్కల్లో కూర్చున్నాయి. ఆ వేడికి జబ్బు తగ్గింది. తగ్గినవాటికి మళ్ళీ అంత తేలిగ్గా రాలేదు కూడా. ఇక్కడి కప్పలు అలాంటి చోట కూర్చుంటాయో లేదో ఒకసారి చూద్దామని నాకూ ఉంది. ఎక్కువేం కాదు, ఓ యాభై ఇటుకలు చాలు. ఇక్కడే ఎక్కడో చూసుకుంటాను."

చూసుకోనిస్తే కదా. సంగతి తెలిసి బాలశౌరి తన బావమరిది ఇటుక బట్టీలో బొక్కల ఇటుకలు కాల్పించాడు. పల్లంపాడు ఇటుకలు వెళ్తుంటే మిట్టపాడు చేతులు ముడుచుకుని కూర్చోదు గదా, రాఘవయ్య రెడ్డిగూడెం వైపు బట్టీలో అన్నే చేయించాడు. వాళ్ళు కొన్ని కలిపారు, వీళ్ళు కొన్ని కలిపారు. రవాణాకి మాత్రం రెండూళ్ళకీ నమ్మకమున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఫణి టిప్పరులోని గ్రావెల్‌ని రెండూళ్ళ వాళ్ళూ కలిసి కల్వర్టుకి అటూ ఇటూ గుంతల్లో సమానంగా సర్దేసి, ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పట్టా కప్పి, బండికి కొబ్బరికాయ కొట్టించారు. కొట్టింది వెంకట రమణ. ఇటుకలు సవ్యంగా అందాయో లేదో చూసి రావడానికి మేడమ్ గారు ముందే రైల్లో వెళ్ళాలని కూడా తీర్మానించారు. ఆవిడ కాలేజీకి సెలవు పెట్టి, స్వెట్టరు కొనుక్కుని వెళ్ళింది.

కొండ మీద మంచు మొహానికి తగులుతోంది. అడవి చెక్‌పోస్టు దగ్గర అనంత్‌తో కలిసి ఆవిడ ఎదురుచూస్తుండగా, ఘాట్ రోడ్డు మలుపులో ఫణి టిప్పరు మూలుగుతూ పైకొచ్చింది. గార్డు గేటు దించే ఉంచి, బండి చుట్టూ తిరిగి, పట్టా ఎత్తి చూసి, తన భాషలో ఏదో అడిగాడు.

"ఎవరికి ఇల్లు కడుతున్నారు అని అడుగుతున్నాడు" అన్నాడు అనంత్.

ఫణి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, మర్యాదగా, "కప్పలకండి" అన్నాడు.

అనంత్ అది గార్డుకి చెప్పాడు. గార్డు ఇటుకల వైపు చూశాడు, అడవి వైపు చూశాడు, మళ్ళీ ఇటుకల వైపు చూశాడు.

"ఇన్నెందుకు అంటున్నాడు."

"రెండూళ్ళు కదండీ" అన్నాడు ఫణి.

ఆ జవాబుకి గార్డు తల ఊపాడు. ఏమర్థమైందో గానీ అతనికి అర్థమైంది. గేటెత్తి, ఇంతకంటే పైకి బండి పోదని, ఇక్కడే దించి కాలిబాటన మోసుకెళ్ళమని చూపించి, తన తుపాకీని గుడిసెలో పెట్టి వచ్చాడు. సౌభాగ్యలక్ష్మి రెండు ఇటుకలు చేతుల్లోకి తీసుకుంది. చలికి అవి రాళ్ళలా ఉన్నాయి. బాట నిట్టనిలువుగా మంచులోకి పోతోంది. మోయాల్సినవి చాలానే ఉన్నాయి. ఫణి తువ్వాలుని చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, ఇటుకలెత్తమని గార్డు ముందు తల వంచాడు.